హుద్‌హుద్ నాడు అటకెక్కిన సామాను: ఉగాది ముందు ఒక ఇంటి దులుపుడు

విశాఖపట్నంలో తొమ్మిదేళ్ళుగా ఇళ్ళు శుభ్రం చేసి సర్దిపెట్టే పని చేస్తున్నాను. నాతో నలుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. మాకు చేతినిండా పని ఉండేది ఏడాదిలో రెండుసార్లు: సంక్రాంతి ముందు నెల, ఉగాది ముందు మూడు వారాలు. ఇక్కడ రాస్తున్నది 2025 ఉగాదికి చేసిన ఇల్లు. ఇంటివాళ్ళని అడిగే రాస్తున్నాను. పేర్లు, వీధి, ఉద్యోగాలు తీసేశాను, ఒకటి రెండు వివరాలు మార్చాను. ఈ ఇంటినే ఎందుకు ఎంచుకున్నానంటే, మొదటి రోజు పని చెడగొట్టింది నేనే కాబట్టి.

నేపథ్యం

సముద్రానికి అర కిలోమీటరు లోపు, ఎనభైల్లో కట్టిన రెండంతస్తుల ఇల్లు. కింద మొజాయిక్ నేల, పైన మూడు గదులు, ఇల్లు మొత్తానికి అయిదు అటకలు. ఉండేది నలుగురు: 78 ఏళ్ళ మామ్మగారు, పెద్ద కొడుకు, కోడలు, వాళ్ళమ్మాయి. అమ్మాయిది ఇంట్లోంచి చేసే ఉద్యోగం. చిన్న కొడుకు హైదరాబాదులో ఉంటాడు, అతని సామాను మాత్రం ఇక్కడే ఉంటుంది. అలాంటి చిన్న కొడుకు లేని ఇల్లు నేనింకా చూడలేదు.

తాతగారు 2024 ఫిబ్రవరిలో పోయారు. సంవత్సరీకం అయ్యేదాకా పండగల్లేవు కాబట్టి ఆ సంక్రాంతికి బూజు కూడా దులపలేదు. ఫిబ్రవరిలో సంవత్సరీకం అయింది. మార్చి 30న ఉగాది, ఆయన పోయాక ఆ ఇంట్లో జరగబోయే మొదటి పండగ. కోడలు ఫోన్ చేసింది మార్చి 11న. "పంతొమ్మిది రోజులే ఉంది. రెండు రోజుల్లో అవగొట్టేయగలరా?" అని అడిగింది.

నేను నాలుగు రోజులకి లెక్క చెప్పాను. అయింది ఏడు.

అప్పటికే వాళ్ళు పడ్డ పాట్లు

మాకంటే ముందు రెండు ప్రయత్నాలు జరిగాయి. మొదటిది, ఆదివారానికో గది చొప్పున ఇంట్లోవాళ్ళే చేద్దామనుకున్నారు. హాలుతో మొదలుపెట్టారు. షోకేసులోంచి ఏ వస్తువు తీసినా దానికో కథ, ఆ కథ అయ్యేసరికి మధ్యాహ్నం భోజనం. సాయంత్రానికి అన్నీ తుడిచి మళ్ళీ అక్కడే పెట్టారు. రెండో ఆదివారం ఎవరూ మొదలుపెట్టలేదు.

రెండోది, ఒక డీప్ క్లీనింగ్ వాళ్ళని పిలిచారు. ఆరుగురు మనుషులు, మిషన్లు, ఒక్క రోజు. వాళ్ళ పని చురుకే, కాదనను. కానీ దారికి అడ్డమున్నదల్లా అట్టపెట్టెల్లో వేసి, పైగదిలో ఒకదాని మీద ఒకటి పేర్చి వెళ్ళిపోయారు. పద్నాలుగు పెట్టెలు, ఒక్కదాని మీదా ఏముందో రాయలేదు. పైగా మరకలు పోవడానికి పూజగది ముందు మొజాయిక్ మీద యాసిడ్ పోశారు. మొజాయిక్‌లో ఉండేది పాలరాతి ముక్కలు, సిమెంటు. రెండూ యాసిడ్‌కి కరుగుతాయి. అక్కడ నేల తెల్లగా, గరుకుగా అయిపోయింది. కాలు పెడితే తెలుస్తోంది. దానికి మళ్ళీ పాలిష్ పట్టించడం తప్ప వేరే మందు లేదని చెప్పాను.

అంటే నేను వెళ్ళేసరికి ఆ ఇల్లు ఒకసారి శుభ్రం అయి ఉంది, అయినా శుభ్రంగా లేదు. అసలు పరీక్ష అక్కడుంది.

చూసిన రోజు

మొదటిసారి ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను దేన్నీ ముట్టుకోను. ప్రతి గదిలో తలుపు వేసి రెండు నిమిషాలు నిలబడతాను, వాసన కోసం. పైన వెనక గదిలో తడిసిన అట్టల వాసన. కింద పడగ్గదిలో బీరువా దగ్గర బూజు వాసన. బీరువాని సముద్రం వైపు గోడకి పూర్తిగా ఆనించేశారు. మొబైల్ టార్చి వేసి సందులోకి చూస్తే గోడ మీద నల్లటి చుక్కలు, మోకాలి ఎత్తు దాకా.

కిటికీ ఊచల గురించి కోడలికి పెద్ద ఫిర్యాదు: "రోజూ తుడుస్తాం, మర్నాటికి జిడ్డుజిడ్డుగా ఉంటాయి." నిజానికి అది జిడ్డు కాదు, ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తనే నీళ్ళు పీల్చుకుని చెమ్మగిల్లుతుంది. మన ఊళ్ళో తేమ ఆ గీత దాటడం మామూలే. పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు ఆ మూల నుంచి ఈ మూలకి జరుగుతుంది, అంతే. మంచినీళ్ళలో ముంచి పిండిన గుడ్డతో రెండుసార్లు, మధ్యలో గుడ్డ జాడించి తుడవాలి. తర్వాతే పొడిగుడ్డ. తుప్పు మొదలైన చోట్ల గరుకు కాయితంతో రుద్ది ప్రైమర్ వేయాలి. ఇదంతా నాకు తెలిసిన పని, టెన్షన్ లేదు.

నాకు అర్థం కానిది అటకలు. "ఏమున్నాయమ్మా పైన?" అంటే నలుగురూ నాలుగు చెప్పారు. చివరికి పెద్దాయన, అంటే పెద్ద కొడుకు, చెప్పారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు పైగది కిటికీ అద్దాలు పగిలి వాన లోపలికి కొట్టింది. చేతికి అందిందల్లా దుప్పట్లలో మూటగట్టి కింద అటకల మీదకి ఎక్కించారు. కరెంటు లేదు, కుళాయి లేదు, చీకట్లో చేసిన పని. తర్వాత తీరిగ్గా చూద్దామనుకున్నారు. పదేళ్ళ తర్వాత కూడా ఆ మూటలు ఆ ముడులతోనే ఉన్నాయి.

నేను చేసిన తప్పు

మార్చి 15, శనివారం. అయిదుగురం వెళ్ళాం. నా పాత పద్ధతే: హాల్లో మూడు దుప్పట్లు పరిచి, ఉంచేవి, ఎవరికైనా ఇచ్చేవి, పారేసేవి. అటక దించడం, కోడల్ని అడగడం, కుప్పలో వేయడం. చిన్న ఇళ్ళలో, కొత్త జంటల ఇళ్ళలో ఇది బాగా నడుస్తుంది. ఇక్కడా నడుస్తుందనుకోవడానికి నాకున్న కారణం ఒక్కటే, పిలిచింది కోడలు, డబ్బులిచ్చేది కోడలు. నిర్ణయాలు కూడా ఆవిడవే అనుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి మామ్మగారు కునుకు తీసి లేచారు. హాల్లోకి వచ్చి చూశారు. ఒక్క మాట అనలేదు. మేం టీ తాగుతుండగా 'పారేసేవి' దుప్పటి దగ్గర వంగి ఒక ఇనప అట్లపెనం, తాడు తెగిన చేతిసంచి, ఒక షేవింగ్ బ్రష్ తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. రాత్రికి భోజనానికి రాలేదని మర్నాడు తెలిసింది.

నేను అరగంటకోసారి ఎవరు ఏం చేస్తున్నారో నోటుబుక్కులో రాసుకుంటాను. ఆ రోజు లెక్క వేస్తే, అయిదుగురం ఎనిమిదేసి గంటల చొప్పున నలభై గంటలు. అందులో చేతిలో చీపురో గుడ్డో ఉన్నవి పదకొండు. మిగతా ఇరవై తొమ్మిది గంటలూ దించడం, అడగడం, జవాబు కోసం నిలబడడం, కుప్పలు జరపడం, జరిపిన కుప్పని మళ్ళీ జరపడం. ఆ ఆరుగురి జట్టు ఈ ప్రశ్నల్ని అట్టపెట్టెల్లో దాచి వెళ్ళింది. నేను హాల్లో పరిచాను. ఎవరమూ జవాబు తేల్చలేదు.

ఆదివారం పని ఆపేశాను. కోడలికి కోపం వచ్చింది, న్యాయమే. రోజు పోయిందిగా.

దారి చూపించింది నేను కాదు, మా అప్పలమ్మ (పేరు మార్చాను). తిరిగొస్తుంటే ఆటోలో అంది: "అమ్మగోరూ, మనం ఆవిడ ఇల్లు దులపతన్నాం, ఆవిడేమో గదిలో కూకుంది. ఏటి పోతందో ఏటి ఉంటందో ఆవిడికి తెల్డం నేదు. కుర్సీ ఏసి ఎదరగా కూకోబెట్టండి. అగుపడితే బయ్యం తగ్గుద్ది."

ఇంకో సంగతి కూడా అప్పలమ్మే వంటింట్లో విని పట్టుకొచ్చింది. పైన తాతగారి గదిని ఖాళీ చేసి అమ్మాయికి ఆఫీసు గది చేయాలని కోడలి ఆలోచన. మామ్మగారితో ఎవరూ ఆ మాట అనలేదు. అనకపోయినా ఆవిడకి తెలుసు. అంటే ఆవిడ లెక్కలో మేం పండగ దులుపుడుకి రాలేదు, గది ఖాళీ చేయడానికి వచ్చాం.

మార్చిన పద్ధతి

సోమవారం ఒక్కదాన్నే వెళ్ళి మామ్మగారు, పెద్దాయన, కోడలు, ముగ్గురితో కూర్చున్నాను. మొదట చెప్పింది: తాతగారి గదిని శుభ్రం చేస్తాం, కానీ ఒక్క వస్తువు కూడా గది దాటదు. బూజు, ఫ్యాను, కిటికీ, నేల, అంతే. కోడలికి నచ్చలేదు. పనికొచ్చే గది మూసిపెట్టి అమ్మాయి డైనింగ్ టేబుల్ మీద ఉద్యోగం చేయడమేమిటని అడిగింది. ఆవిడ మాట తప్పు కాదు. కానీ పదిహేను రోజుల్లో పండగ పెట్టుకుని ఆ గది ముట్టుకుంటే మిగతా ఇంట్లో ప్రతి గరిటె దగ్గరా ఇదే గొడవ జరుగుతుంది. ఒక్క గది వదులుకుంటే ఏడు గదులు కదులుతాయి. అమ్మాయికి ప్రస్తుతానికి వీధి వైపు వరండా గది సర్దిద్దామన్నాను. అక్కడున్నదల్లా చిన్నబ్బాయి సామానే.

రెండోది, నిర్ణయించే పనినీ శుభ్రం చేసే పనినీ విడగొట్టాను. పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి పది దాకా మామ్మగారు, నేను, అప్పలమ్మ మాత్రమే. మిగతా ముగ్గురూ పదింటికి వస్తారు. వాళ్ళు వచ్చాక ఎవరినీ ఏమీ అడగరు. పొద్దున తేలనిది ఆ రోజుకి ముట్టుకోరు.

మామ్మగారికి చేతుల కుర్చీ, కాళ్ళ కింద పీట, పక్కన మంచినీళ్ళ చెంబు. అప్పలమ్మ ఒక్కో వస్తువు తెచ్చి ఆవిడ చేతికిస్తుంది. చూపించడం వేరు, చేతికివ్వడం వేరు. చేతిలోకి తీసుకున్న వస్తువు గురించి ఆవిడ త్వరగా తేల్చేవారు. పూటకి నలభై వస్తువులు దాటనివ్వలేదు. ఈ పద్ధతి మొదలైన రోజు మాత్రం యాభై దాటించి చూశాను, చివరి పది వస్తువులకి "అన్నీ పడేయండి" అన్నారు, గంట తర్వాత అన్నీ వెనక్కి అడిగారు.

అడిగే మాట కూడా మార్చాను. "కావాలా, వద్దా?" అంటే ఏ పెద్దవాళ్ళైనా కావాలనే అంటారు. వద్దంటే ఆ వస్తువుతో ఉన్న బంధం వద్దన్నట్టు. "ఇది ఎవరిది మామ్మగారూ?" అని అడిగాం. ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఇది పెద్దాడిది, ఇది చిన్నాడిది, ఇది మా ఆడపడుచు వదిలేసి వెళ్ళింది, ఇది ఎవరిదీ కాదు. ఎవరిదీ కానివి ఎన్నో తెలుసా! విరిగిన మడతమంచం, మూతల్లేని హార్లిక్స్ సీసాలు, మూడు కుక్కర్ల రబ్బర్లు. అవి ఏ బాధా లేకుండా వెళ్ళిపోయాయి.

చిన్నబ్బాయితో వీడియో కాల్ ఒక్కసారే, ఇరవై నిమిషాలు. అతను ఉంచమన్నవన్నీ రెండు ప్లాస్టిక్ డబ్బాలకి పట్టాయి. పట్టనివి వద్దన్నాడు. డబ్బా సైజు ముందే చూపించి అడగడం నాకిక అలవాటైపోయింది. "ఏమేం ఉంచాలి?" అంటే అంతు ఉండదు, "ఈ డబ్బాలో పట్టేవి చెప్పండి" అంటే ఉంటుంది.

తేల్చలేనివి కొన్ని మిగిలాయి. వాటికి మూడు డబ్బాలు, మూత మీద 'దసరాకి చూడాలి' అని తేదీతో రాశాం. అట్టపెట్టెలు మాత్రం ఒక్కటి కూడా ఉండనివ్వలేదు. మన గాలికి అట్ట చెమ్మ పీలుస్తుంది, ఆ జిగురుకి బొద్దింకలూ వెండిపురుగులూ (సిల్వర్‌ఫిష్) చేరతాయి.

దులుపుడు

ఇక మిగిలింది తేలిక. పైనుంచి కిందకి, పొడిపని అయ్యాకే తడిపని. అటక, ఫ్యాను, గోడ, కిటికీ, సామాను, చివర నేల. ఫ్యాను రెక్కకి పాత దిండు గలీబు తొడిగి వెనక్కి లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద రాలదు. నేలని మధ్యలో కడగాలని తొందరపడేవాళ్ళకి రెండుసార్లు కడిగే యోగం ఉంటుంది.

కడుగుడు పనులన్నీ పది నుంచి రెండున్నర లోపు. పొద్దున్నే గాలిలో తేమ ఎక్కువ, సాయంత్రం సముద్రపు గాలి. మధ్యలో ఎండ ఉన్నప్పుడు కడిగిందే ఆరుతుంది. పరుపులు, దిండ్లు డాబా మీద అదే టైములో.

వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను ఇనప జాలీ వేడినీళ్ళలో చాకలి సోడా వేసి నానబెట్టాం. అది నానే నలభై నిమిషాల్లో కిటికీలు అయిపోయాయి. చాకలి సోడాలో అల్యూమినియం గిన్నెలు మాత్రం ముంచొద్దు, నల్లబడతాయి. ఇంకో కట్టుబాటు: ఒక గదిలో ఒకే క్లీనింగ్ మందు సీసా. బ్లీచింగ్, టాయిలెట్ యాసిడ్ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదకి తెస్తుంది. మా వాళ్ళకి నేర్పే మొదటి పాఠం ఇదే, చీపురు పట్టడం కూడా దీని తర్వాతే.

బీరువా వెనక గోడకి ముందు మాస్కులు. పొడిగా గీకితే బూజు గదంతా ఎగురుతుంది. సబ్బునీళ్ళ గుడ్డతో అద్ది తీసి, టేబుల్ ఫ్యాను పెట్టి ఒక రోజంతా ఆరనిచ్చాం. పెద్దాయన వెంటనే రంగు వేయించేస్తానన్నారు. వద్దన్నాను, తడి ఆరకుండా వేసిన రంగు రెండు నెలల్లో పొక్కుతుంది. బీరువాని గోడకి జానెడు దూరంలో నిలబెట్టాం. గాలి ఆడాలి. జానెడు జాగా పోతుందని కోడలు గునిసింది కానీ ఒప్పుకుంది.

తుఫాను మూటల్లో ఒకదాంట్లో ఏటికొప్పాక లక్కబొమ్మలు దొరికాయి. బొమ్మల కొలువువి, మామ్మగారి పెళ్ళినాటివి. అమ్మాయి సంబరపడిపోయి సర్ఫు నీళ్ళ బకెట్ తెచ్చింది. ఆపేశాను. లోపల ఉన్నది అంకుడు కర్ర, నీళ్ళు పీల్చి ఉబ్బితే పైన లక్క పగులుతుంది. మెత్తటి పొడిగుడ్డతో, సందుల్లో పెయింటింగ్ బ్రష్షుతో. ఒక్క బొమ్మకి పావుగంట పట్టింది. అదొక్కటే ఆ వారంలో మేం నెమ్మదిగా చేసిన పని, నా లెక్కల్లో పట్టని పని. మామ్మగారు కుర్చీలోంచి లేచి కింద కూర్చున్నారు, తప్పెటగుళ్ళు వాయించే ఒక బొమ్మని ఒళ్ళో పెట్టుకుని.

కాయితాలు మాత్రం సర్దలేదు. దొరికినవన్నీ ఒక్క సూట్‌కేసులో వేశాం, అంతే. దస్తావేజులూ పెన్షన్ కాయితాలూ పాత కరెంటు బిల్లుల మధ్య ఉంటాయి. దులిపే హడావిడిలో బిల్లుల కట్ట పారేస్తే లింక్ డాక్యుమెంట్ (ఆస్తి పాత దస్తావేజు) కూడా దాంతో పోతుంది. పండగ అయ్యాక పెద్దాయన ఒక్కరే కూర్చుని చూసుకోమన్నాను.

బయటికి పోయే సామానుకి మొదటి రోజే మెట్ల కింద జాగా ఖాళీ చేసి ఉంచాం, ఏ రోజుది ఆ రోజు సాయంత్రం వెళ్ళిపోవాలని. పాత పేపర్లు, ఇనుము తూకానికి. బట్టల్లో మంచివి ఇచ్చేశారు, మిగతావి స్టీలు సామాన్ల ఆమెకి, ఆమె ఒక బేసిన్ ఇచ్చింది. ట్యూబులైట్లు, గడువు దాటిన మందులు పొడి చెత్తలో కలపకుండా విడిగా కట్టి, చెత్త బండికి చెప్పి ఇచ్చాం. ట్యూబులైట్లో పాదరసం ఉంటుంది.

నోటుబుక్కులో ఆ రోజుల లెక్క తిరగబడింది. చేతిలో గుడ్డ ఉన్న గంటలు రోజుకి ఇరవై నాలుగు దాకా.

నాలుగో రోజు పొద్దున, అడగకుండానే, మామ్మగారు తాతగారి గది తలుపు తీసి చొక్కాలున్న అలమారా చూపించారు. "ఇవి ఎవరివి అని అడగవేమే?" అన్నారు అప్పలమ్మతో. అప్పలమ్మ అడిగింది. రెండు పక్కన పెట్టుకుని మిగతావి ఇచ్చేయమన్నారు. గది మాత్రం అలాగే ఉంది. నేను కోడలి వైపు చూడలేదు.

తర్వాత

మార్చి 24కి పూర్తయింది. నాలుగు రోజులకే డబ్బులు తీసుకున్నాను. మిగతా మూడు నా తప్పుకి. ఇప్పుడు కొత్త ఇంటికి వెళ్ళినప్పుడు ఎన్ని గదులని అడగడానికి ముందు, మేం రావడం ఇష్టం లేనివాళ్ళు ఇంట్లో ఎవరున్నారో కనుక్కుంటాను. నేరుగా అడిగితే చెప్పరు, టీ ఎవరు ఇస్తున్నారో, ఎవరు గదిలోంచి రాలేదో చూడాలి. నలభై వస్తువుల లెక్క అందరికీ సరిపోదు. తర్వాత చేసిన ఒక ఇంట్లో పెద్దాయన వంద చూసినా అలిసిపోలేదు, మేమే అలిసిపోయాం.

దసరా ముందు ఫోన్ చేసి వెళ్ళాను. మూడు డబ్బాల్లో ఒకటి ఖాళీ, ఒకటి సగం, ఒకటి తెరవలేదు. తేదీ కొట్టేసి 'సంక్రాంతి' అని రాసి ఉంది, అమ్మాయి రాత. అమ్మాయి ఇంకా వరండా గదిలోనే ఉంది, అక్కడ గాలి బాగుంది అంటోంది. కిటికీ ఊచలు బాగానే ఉన్నాయి. బీరువా వెనక టార్చి వేసి చూశాను. అన్ని వానలు పడినా గోడంతా పొడిగా ఉంది, కింద మూల అరచేయంత మచ్చ తప్ప. చేయి పెడితే చల్లగా తగిలింది. ఆ మూలకి అవతల బాత్రూమ్ పైపు పోతోంది. అది తుడిస్తే పోయేది కాదు, ప్లంబర్‌ని పిలవమని చెప్పి వచ్చాను.